పొదుగువాపు నుండి మూత్రపిండాల దాకా

గత వేసవిలో పల్నాడు వైపు ఒక సంఘానికి వార్షిక తనిఖీకి వెళ్ళాము. పాల కొనుగోలు రిజిస్టరు, సభ్యుల లెడ్జరు పక్కపక్కన పెట్టి చూస్తుండగా ఒక సభ్యురాలి ఖాతా దగ్గర మా చేయి ఆగింది. ఫిబ్రవరి వరకు పూటకు ఏడు లీటర్లకు తగ్గకుండా పోసిన ఇల్లు అది. మార్చి రెండవ పక్షానికి నాలుగు లీటర్లయింది. ఏప్రిల్ లో ఒక్క చుక్క లేదు. పాలు బయటి వెండరుకు పోతున్నాయేమోనని కార్యదర్శిని గట్టిగానే అడిగాము. ఆయన కాసేపు ఊరుకుని, "గొడ్లు అమ్మేశారండి. ఆమె ఇంటాయనకు కిడ్నీలు పోయినయి" అన్నాడు.

సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళాము. నాలుగు గేదెల కొట్టంలో ఒకటే ఉన్నది. వారానికి రెండుసార్లు గుంటూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటున్నారట. జరిగినదంతా ఆమె వరుసగా చెప్పింది. మిరప కోతల్లో ఆయనకు జ్వరం, పిక్కలు పట్టుకుపోయే ఒళ్ళు నొప్పులు వచ్చాయి. కూలీలు దొరకని రోజులు గనుక పడుకోవడానికి వీలు లేదు. ఊళ్ళోనే నొప్పికి సూది వేయించుకున్నాడు, పూటకొక బిళ్ళ మింగాడు, మళ్ళీ చేలోకి దిగాడు. ఇట్లా పది రోజులు. ఆ తరువాత మూత్రం తగ్గింది, కాళ్ళు ముఖం వాచాయి, అన్నం వాసనకే వాంతి. పట్నం తీసుకుపోయేసరికి ఆలస్యమైంది.

అంతా చెప్పి లోపలి నుండి మూడు డబ్బాలు తెచ్చి మా ముందు పెట్టింది. రెండు ఖాళీవి. "ఇనస్పెక్టరు గారూ, ఇందులో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయంట. లోపలి వాపు తీసేసి కిడ్నీలను మళ్ళీ పని చేయిస్తాయన్నారు. మిగిలిన గేదెను కూడా అమ్మి ఇంకో నాలుగు డబ్బాలు తెప్పించమంటారా?" అని అడిగింది. మేము నేర్చినది సహకార చట్టం, జమాఖర్చులు. దీనికి మా దగ్గర జవాబు లేదు. "అమ్మా, గేదెను మాత్రం ఇప్పుడే అమ్మకండి, కనుక్కుని చెబుతాము" అని వచ్చేశాము. తరువాత తెలిసిన డాక్టర్లను, పశువైద్యులను అడిగి, దొరికిన పుస్తకాలు చదివి తెలుసుకున్నది ఈ నెల పాఠంగా మీ ముందుంచుతున్నాము.

వాపు అంటే ఏమిటి

ఈ సంగతి పాడి రైతుకు చెప్పడం సులువు. పొదుగువాపు చూడని వారు మనలో లేరు. చన్ను మొన గుండా సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. వాటిని చంపడానికి రక్తంలోని తెల్లకణాలు లక్షల సంఖ్యలో పొదుగులోకి దిగుతాయి. రక్తం ఎక్కువగా రావడం వలన పొదుగు ఎరుపెక్కి వేడెక్కుతుంది. నీరు చేరి గట్టిపడుతుంది. ముట్టుకుంటే గేదె తన్నుతుంది. ఎరుపు, వేడి, వాపు, నొప్పి ఈ నాలుగూ కలిసినదే వైద్యులు చెప్పే వాపు. కేంద్రంలో నాలుగు గుంటల పళ్ళెంలో పాలు పోసి మందు కలిపినప్పుడు జిగురులాగా చిక్కబడుతుందే, అది ఆ తెల్లకణాల వలననే.

ఈ తెల్లకణాలు సూక్ష్మజీవులను చంపే విధానం తెలుసుకుంటే మిగిలిన పాఠమంతా తేలిక. అవి ప్రాణవాయువును పట్టుకుని, దానిని మహా చురుకైన రూపాలలోకి మార్చి శత్రువు మీద చల్లుతాయి. ఇనుమును తుప్పు పట్టించే, నూనెను కారువాసన పట్టించే ప్రాణవాయువే ఇక్కడ ఆయుధం. సూక్ష్మజీవి చస్తుంది. అయితే చేనికి పెట్టిన మంట గట్టు దాటినట్లుగా, ఈ చురుకైన ప్రాణవాయువు పక్కనున్న మంచి కణాలను కూడా కాలుస్తుంది. కాలినచోట మచ్చ పడుతుంది. పొదుగువాపు తగ్గిన తరువాత కూడా ఆ చన్ను గట్టిపడి పాలు తగ్గిపోయిన అనుభవం మీలో చాలామందికి ఉన్నది గదా. సూక్ష్మజీవి పోయింది, మచ్చ మిగిలింది. మచ్చ పాలనివ్వదు.

ఈ మంట గట్టు దాటకుండా కాచేవే యాంటీ ఆక్సిడెంట్లు. వీటిలో ముఖ్యమైనవి మన శరీరమే తయారు చేసుకుంటుంది. 1969లో అమెరికాలో మెక్ కార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రజ్ఞులు అటువంటి ఒక ఎంజైము చేసే పనిని కనిపెట్టారు. చురుకైన ప్రాణవాయువును క్షణంలో చల్లార్చే ఆ ఎంజైము మన ప్రతి కణంలోను ఉన్నది. 1973లో మరొక ఎంజైముకు సెలీనియం అనే ఖనిజం అవసరమని తేలింది. వీటికి తోడు ఆహారం నుండి విటమిన్ సి, విటమిన్ ఇ, పండ్లకు ఆకులకు రంగునిచ్చే పదార్థాలు వస్తాయి.

పశువుల విషయంలో దీనికి మంచి దాఖలా ఉన్నది. 1984లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో చూడి చివరి దశలో ఉన్న ఆవులకు విటమిన్ ఇ అదనంగా ఇచ్చి చూస్తే, ఈనిన తరువాత పైకి కనిపించే పొదుగువాపు 37 శాతం తగ్గింది. సెలీనియం కూడా తోడైన వాటిలో వాపు త్వరగా తగ్గింది. పచ్చిమేతలో విటమిన్ ఇ బాగా ఉంటుంది. ఎండిన వరిగడ్డిలో, చొప్పలో దాదాపు లేనట్లే. మన మెట్ట ప్రాంతంలో మార్చి నుండి జూన్ దాకా గేదె తినేది చాలా వరకు ఎండుమేతే గనుక, చూడిగేదెకైనా నాలుగు పిడికెళ్ళ పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం తప్పించవద్దని పశువైద్యులు చెప్పేది ఇందుకే. లోటు ఉన్న పశువుకు లోటు తీర్చితే ఫలితం కనిపించింది. ఈ మాట గుర్తుంచుకోండి, తరువాత దీనితో పని ఉన్నది.

మూత్రపిండాల మీదికి మంట ఎట్లా వస్తుంది

నడుముకు ఇరువైపులా చిక్కుడు గింజ ఆకారంలో ఉండే రెండు మూత్రపిండాలు కలిపి 300 గ్రాములు తూగుతాయి. గుండె పంపే రక్తంలో సుమారు ఐదవ వంతు వీటిలోకి పోతుంది. ఒక్కొక్క పిండంలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలున్నాయి. ఇవి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో పనికివచ్చేదంతా తిరిగి రక్తంలోకి లాగి, లీటరున్నర మాత్రం మూత్రంగా వదులుతాయి. ఒక చిన్న సంఘం పాల సేకరణ అంత పని ఒక్క మనిషి నడుములో రాత్రింబగళ్ళు జరుగుతున్నదన్న మాట. ఇంత పనికి ప్రాణవాయువు విపరీతంగా ఖర్చవుతుంది. అయితే పిండం లోపలి భాగానికి చేరే ప్రాణవాయువు ఎప్పుడూ బొటాబొటీయే. అందుచేత రక్తం కాస్త తగ్గినా మొదట దెబ్బ తినేది ఆ లోపలి గొట్టాలే.

జ్వరంలోగాని, చీముపట్టిన పుండులోగాని, రక్తంలోకి సూక్ష్మజీవులు చేరిన జబ్బులోగాని వాపు ఒక్కచోట ఆగదు. దాని రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి. తెల్లకణాలు మూత్రపిండాలలోకి కూడా చేరతాయి. చెమట పట్టి, నీరు తాగక, రక్తపోటు పడిపోయినప్పుడు పిండానికి రక్తం తగ్గుతుంది. ఒకవైపు మంట, మరొకవైపు నీటి కొరత. గొట్టాలు కాలి, మాని, మచ్చలు పడతాయి. ఒక్కసారైతే చాలా వరకు కోలుకుంటాయి. ఏటేటా కోతల కాలంలో ఇదే జరుగుతుంటే మచ్చలు పేరుకుంటాయి.

పశువుల కొట్టంలో పనిచేసే వారికి ప్రత్యేకంగా ఒక జబ్బు గురించి చెప్పాలి. లెప్టోస్పైరోసిస్ అని దాని పేరు. ఎలుకల మూత్రం ద్వారా, జబ్బుపడిన పశువుల మూత్రం ద్వారా తడి నేలలో, నిలవ నీటిలో ఈ సూక్ష్మజీవి ఉంటుంది. కాలి పగుళ్ళ గుండా, పుండ్ల గుండా మనిషిలోకి పోతుంది. ఉన్నట్టుండి జ్వరం, పిక్కలలో నడుములో భరించరాని నొప్పి, కళ్ళు ఎర్రబడటం, కొందరికి కామెర్లు. ఇది మూత్రపిండాలను నేరుగా వాచేటట్లు చేస్తుంది. పెందలాడే గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్ మందులతోనే నయమవుతుంది. పిక్కల నొప్పులకు నొప్పి బిళ్ళ వేసుకుని కూర్చుంటే జబ్బూ ముదురుతుంది, పిండాలూ పోతాయి. పైన చెప్పిన సభ్యురాలి భర్తకు వచ్చినది ఇదేనా అని మేమొక డాక్టరును అడిగితే, అప్పుడు పరీక్ష చేయలేదు గనుక ఇప్పుడు ఎవరూ చెప్పలేరన్నారు.

నొప్పి బిళ్ళ, రాబందు

ఇక ఆ బిళ్ళల సంగతి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వాపును, నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి. అవి పనికిరానివని మేము అనడం లేదు. కాని వాపును పుట్టించే పదార్థాలను అడ్డుకునేటప్పుడు, మూత్రపిండంలోకి పోయే సన్నని రక్తనాళాన్ని తెరిచి ఉంచే పదార్థాలను కూడా అవి అడ్డుకుంటాయి. బాగా నీరు తాగి నీడన ఉన్న ఆరోగ్యవంతుడు రెండు రోజులు వాడితే ఏమీ కాకపోవచ్చు. ఎండలో పనిచేసి, జ్వరంతో ఒళ్ళెండిపోయిన మనిషికి ఆ నాళం ఒక్కటే ఆధారం. అది మూసుకుంటే గొట్టాలకు రక్తం అందదు. రక్తపోటుకు కొన్ని రకాల బిళ్ళలు, నీరు పోయే బిళ్ళలు వాడేవారు వీటిని కూడా వేసుకుంటే ప్రమాదం మరీ ఎక్కువ. జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు సరిపడా మోతాదులో పారాసిటమాల్ మూత్రపిండాలకు మేలని డాక్టర్లందరూ చెప్పారు.

దీనికి పశువుల వైపు నుండి వచ్చిన సాక్ష్యం ప్రపంచం అంతటికీ పాఠమైంది. మన చిన్నతనంలో ఊరిబయట చచ్చిన గొడ్డును వేస్తే గంటలో రాబందులు దిగేవి. 1990ల నుండి అవి కనిపించకుండా పోయాయి. మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా నశించాయి. కారణం ఏమిటని వెదికితే, 2003లో పాకిస్తాన్ లో పరిశోధన చేసిన వారికి చచ్చిన పక్షుల కడుపులో పేగుల మీద సున్నం పూసినట్లు యూరిక్ ఆమ్లం పేరుకుని కనిపించింది. అంటే మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయన్న మాట. కుంటుతున్న ఎద్దుకు, వాచిన పొదుగుకు మనం వేయించిన డైక్లోఫెనాక్ ఆ గొడ్డు చచ్చినప్పుడు మాంసంలో ఉండి, తిన్న పక్షి పిండాలను కాల్చింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ తయారీని నిషేధించింది. మనుషులకని చెప్పి పెద్ద సీసాలు కొని పశువులకు వాడుతున్నారని తెలిసి 2015లో మూడు మిల్లీలీటర్లకు మించిన సీసాలను ఆపారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ లను కూడా పశువులకు నిషేధించారు. పక్షులకు హాని లేని మెలోక్సికామ్ ఉన్నది. ఇంకా ఎక్కడన్నా మనుషుల మందు సీసా తెచ్చి గేదెకు పొడిపించే అలవాటు ఉంటే కార్యదర్శులు ఆపించాలి. పక్షి పిండం, మనిషి పిండం ఒకటి కావు. రాబందుకు చుక్క చాలు, మనిషికి పది రోజులు పడుతుంది. దెబ్బ తగిలే చోటు మాత్రం అదే.

డబ్బాలోని యాంటీ ఆక్సిడెంట్లు

మంట ప్రాణవాయువు వలన గదా, చల్లార్చేవి యాంటీ ఆక్సిడెంట్లు గదా, మరి డబ్బా కొని తాగితే తప్పేమిటని మీరు అడగవచ్చు. ఆలోచన సబబుగానే ఉన్నది. పెద్ద పెద్ద ఆసుపత్రులవారు కూడా అట్లాగే ఆలోచించి వేలమంది రోగుల మీద పరీక్షించారు. ఫలితాలు మాత్రం ఆశించినట్లు రాలేదు.

రక్తంలో సూక్ష్మజీవులు చేరి ఒళ్ళంతా వాపెక్కిన రోగులకు నరంలోకి విటమిన్ సి పెద్ద మోతాదులో ఇచ్చి చూశారు. కెనడా వైద్యులు ముందుండి జరిపిన ఈ పరీక్షలో 872 మంది రోగులున్నారు. 2022లో ఫలితం ప్రకటించారు. 28 రోజుల నాటికి చనిపోయినవారు, డయాలసిస్ వంటి ఆధారం మీదనే ఉండిపోయినవారు కలిపి విటమిన్ ఇచ్చినవారిలో 44.5 శాతం, ఇవ్వనివారిలో 38.5 శాతం. మేలు జరగలేదు సరికదా కీడే ఎక్కువైంది. ఎసిటైల్ సిస్టీన్ అనే మరొక మందు ఉన్నది. గుండె నాళాల ఫోటో తీసేటప్పుడు ఎక్కించే రంగుమందు వలన మూత్రపిండాలు చెడకుండా దానిని చాలా ఏళ్ళు వాడారు. సుమారు ఐదు వేలమంది మీద చేసిన పరీక్షలో అది ఉత్త బిళ్ళకన్నా మెరుగు కాదని 2018లో తేలింది. శరీరంలోని సొంత యాంటీ ఆక్సిడెంట్ల తయారీని పెంచే కొత్త మందొకటి షుగరు వలన పిండాలు చెడినవారికి ఇస్తూ ఉంటే, గుండె జబ్బులు పెరిగి 2012లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపివేశారు.

ఎందుకిట్లా? గేదెల మాట గుర్తుందా? లోటు ఉన్నచోట లోటు తీర్చితే మేలు జరిగింది. లోటు లేనిచోట కుమ్మరించినది మేలు చేయదు. పైగా తెల్లకణాలకు ఆ చురుకైన ప్రాణవాయువే ఆయుధం. ఎక్కడ ఎంత మండాలో శరీరం లెక్కగా నడుపుకుంటుంది. ఆ లెక్క డబ్బాకు తెలియదు.

పైగా ఎక్కువైన విటమిన్ సి శరీరంలో ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రంలోకి పోతుంది. అక్కడ సున్నంతో కలిసి రాయి కడుతుంది. స్వీడన్ లో 2013లో ప్రకటించిన లెక్కలలో విటమిన్ సి బిళ్ళలు వేసుకునే మగవారిలో మూత్రపిండాల రాళ్ళు దాదాపు రెండింతలు కనిపించాయి. పెద్దవారికి రోజుకు కావలసినది 80 మిల్లీగ్రాములు మాత్రమే. ఒక జామకాయలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

నాటు మందుల గురించి కూడా ఒక మాట. మన నల్లరేగడి చేలలో గాడిదగడపాకు అనే తీగ మొక్క కలుపుగా పెరుగుతుంది. పురుగులకని, చర్మానికని పసరు పిండి వాడేవారున్నారు. ఆ జాతి మొక్కలన్నిటిలోను ఉండే ఆమ్లం మూత్రపిండాలకు విషం. బెల్జియంలో సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల పొడిలో ఈ జాతి మొక్క కలిసి, అనేకమంది స్త్రీల పిండాలు పాడయ్యాయని 1993లో బయటపడింది. ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన అది పిండానికి మిత్రుడని అనుకోరాదు. పేరు తెలియని పొడిని అసలు నమ్మవద్దు.

మిరప, గోంగూర, పెరుగు

అయితే ఆహారంలోని యాంటీ ఆక్సిడెంట్ల మాట వేరు. వాటికి మనం దూరం పోనక్కరలేదు. హంగరీ శాస్త్రజ్ఞుడు సెంట్ జార్జి విటమిన్ సి ని దండిగా తీసినది తన ఊరి ఎర్రమిరప పండ్లలో నుండే. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన గుంటూరు కాయ ఆ మిరపకు చుట్టమే. పచ్చిమిరపలో విటమిన్ సి నిమ్మరసానికి మించి ఉంటుంది. కల్లంలో ఎండబెట్టేసరికి అది చాలా వరకు పోతుంది, ఎర్రరంగునిచ్చే పదార్థం మాత్రం మిగిలి అదీ యాంటీ ఆక్సిడెంటే అవుతుంది. ఇది విని కారం రెట్టింపు చేయవద్దు. కారం వెంట పచ్చడిలో దిగే ఉప్పు రక్తపోటును పెంచుతుంది, రక్తపోటు పిండాలను నలుపుతుంది. మన జిల్లాల భోజనంలో మందు, మాయ రెండూ ఒకే జాడీలో ఉన్నాయి.

గోంగూరలో కూడా మంచి పోషకాలున్నాయి. కాని దాని పులుపులో ఆక్సాలిక్ ఆమ్లం ఉన్నది. రాళ్ళ జబ్బు వచ్చినవారు తగ్గించుకోవాలి. మిగిలినవారు గోంగూర తిన్న పూటే పెరుగన్నం కూడా తినడం మంచిది. పెరుగులోని కాల్షియం పేగులోనే ఆ ఆమ్లాన్ని పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. పాలు తాగితే రాళ్ళు వస్తాయని చాలామంది మాతో అంటుంటారు. అది పొరపాటు. అమెరికాలో 45 వేలమందికి పైగా మగవారిని పరిశీలించి 1993లో ప్రకటించిన దాని ప్రకారం ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకునేవారికే రాళ్ళు తక్కువ.

ఇప్పుడు చెప్పబోయేది పాలసంఘాల పత్రికలో వింతగా తోచవచ్చు. మూత్రపిండాలు బాగా చెడినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు పాలు, పెరుగు డాక్టరు చెప్పిన కొలతకు మించి తీసుకోరాదు. పాలలోని భాస్వరాన్ని చెడిన పిండం బయటికి పంపలేదు. కొబ్బరినీళ్ళు, పండ్ల రసాలు కూడా అంతే. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉన్నది. ఆరోగ్యవంతుడికి అమృతమైనది ఆ రోగికి కొలతతో ఇవ్వవలసినది. అమ్మకం తగ్గుతుందని ఈ మాట దాచడం మాకు ఇష్టం లేదు.

నీళ్ళు

మన ప్రాంతంలో నీటి సంగతి చెప్పకుండా ఈ పాఠం పూర్తి కాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజులవి. 1930లలో అక్కడి రైతులు ఎద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడం ముందుగా గమనించారని చెబుతారు. తరువాత అదే బాధ మనుషులలో కనిపించింది. 1937లో షార్ట్ తదితర వైద్యులు అది నీటిలోని ఫ్లోరైడు వలన వచ్చినదని ప్రకటించారు. అంటే మన దేశంలో ఈ జబ్బు ఆనవాలు ముందుగా పట్టించినది మన ఎద్దులే. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాముకు మించకూడదని, వేరే నీరు లేనప్పుడు ఒకటిన్నర వరకు సహించవచ్చని ప్రమాణం. ఒంట్లో చేరిన ఫ్లోరైడును బయటికి పంపేవి మూత్రపిండాలే. అవి చెడితే ఫ్లోరైడు ఎముకలలో మరింత పేరుకుంటుంది. బోరు నీటిని పరీక్ష చేయించడం ఇంటింటి అవసరం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. అక్కడ 67 గ్రామాలలో జరిపి 2019లో ప్రకటించిన పరిశీలనలో నూటికి 18 మందికి మూత్రపిండాల జబ్బు కనిపించింది. వారిలో చాలామందికి షుగరు లేదు, రక్తపోటు లేదు. ఎండలో పొలం పని, నీరు, నొప్పి మాత్రలు, పురుగుమందులు అన్నిటినీ అనుమానించారు గాని ఇదమిత్థంగా ఒక్క కారణం తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, ఉద్దానానికి నదీజలాల పథకం ప్రారంభమయ్యాయి. కారణం తేలేదాకా ఆగకుండా మంచినీరు ముందు ఇవ్వడం సరైన పనేనని మా అభిప్రాయం.

మిరప కోతలకు, పత్తి తీతకు వచ్చే ఆడవారి గురించి ఒక సంగతి. చేలో మరుగు ఉండదని, పొద్దుటి నుండి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని పనిచేసేవారు ఎందరో. మూత్రంలో మంట, చీము, అక్కడి నుండి పైకి పాకి పిండం వాపు. నడుమునొప్పి అనుకుని మళ్ళీ అదే బిళ్ళ. చేను గలవారు నాలుగు గుంజలు పాతి పాత గోతాలు కట్టి మరుగు ఏర్పాటు చేయడానికి ఒక పూట పట్టదు. నీళ్ళ బిందె, మరుగు రెండూ ఉండాలి. ఒకటి లేకుండా రెండవది ఉండి ప్రయోజనం లేదు. మూత్రం ఎండుగడ్డి రంగులో పలుచగా ఉంటే నీరు సరిపోయినట్లు. బెల్లం పానకం రంగులోకి వస్తే సరిపోనట్లు.

సంఘాలు చేయదగినది ఒకటి ఉన్నది. బోనసు పంచే రోజు సభ్యులందరూ ఎట్లాగూ వస్తారు. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారిని పిలిచి రక్తపోటు, షుగరు, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు పెట్టించవచ్చు. నలభై దాటినవారికి, నొప్పి బిళ్ళలు అలవాటైనవారికి రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికి పిండాల శక్తి దాదాపు సగం పోయి ఉంటుంది. ఆల్బుమిన్ చాలామందిలో అంతకన్నా ముందే పట్టిస్తుంది. పాలలో వెన్న శాతం ఒక పాయింటు తగ్గితే గంటసేపు వాదించే మనం మన మూత్రం పరీక్షకు ఏడాదికొక పూట ఇవ్వలేమా?

ఆ సభ్యురాలికి మేము మళ్ళీ వెళ్ళి జవాబు చెప్పాము. డబ్బాలతో పోయిన గొట్టాలు తిరిగి రావు, ఆ డబ్బు వృథా, మిగిలిన డబ్బా కూడా డాక్టరుకు చూపకుండా వాడవద్దు, డయాలసిస్ మానవద్దు, పెరుగు ఎంతో కొబ్బరినీళ్ళు ఎంతో అక్కడి డాక్టరునే అడిగి కాగితం మీద రాయించుకోండి అన్నాము. ఆమె పెద్ద కొడుకు కూడా మిరప చేలోనే పనిచేస్తాడు. అతనికి పరీక్ష చేయించారా అని అడిగితే లేదన్నది. మరుసటి వారం చేయించారు. రక్తపోటు కాస్త ఎక్కువగా ఉన్నది, క్రియాటినిన్ మామూలుగానే ఉన్నది. అతని జేబులో ఉన్న నొప్పి బిళ్ళల అట్ట ఆమే తీసి పారేసిందని కార్యదర్శి చెప్పాడు.

ఈ పాఠం మీద సందేహాలున్నవారు సంఘ కార్యదర్శి ద్వారా రాసి పంపితే డాక్టర్లను అడిగి రాబోయే సంచికలో జవాబులు ఇస్తాము.